అతిథిని అభిప్రాయం అడగకండి, జరిగింది చెప్పమనండి

మీ ప్రశ్న సారాంశం ఇది. కర్నూలులో ఉంటూ మన ప్రాంతపు మనుషులతో పాడ్‌కాస్ట్ చేస్తున్నారు. ఎనిమిది ఎపిసోడ్లు పూర్తయ్యాయి. ప్రతిసారీ ఇరవై ప్రశ్నలు రాసుకుని వెళ్తున్నా అతిథులు రెండు ముక్కల్లో తేల్చేస్తున్నారు, లేదా సభలో నిలబడినట్టు ఉపన్యాసం అందుకుంటున్నారు. విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, ఉగ్గాని బజ్జీల హోటలు నడిపే ఆవిడ, శ్రీశైలం దారిలో బస్సు నడిపిన డ్రైవరు, ఈ ముగ్గురూ టీ తాగుతూ ఎంతో బాగా మాట్లాడారనీ, మైకు పెట్టగానే చప్పబడిపోయారనీ రాశారు. టీ దగ్గర మాట్లాడిన మనిషిని మైకు ముందుకు తీసుకురావడం ఎట్లా అన్నది మీ సందేహం.

సూటిగా చెప్తాను. మీరు అభిప్రాయాలు అడుగుతున్నారు, జరిగినవి అడగాలి. మీరు జతచేసిన పట్టికలో "నేటి విద్యావ్యవస్థపై మీ అభిప్రాయం ఏమిటి?", "హోటలు రంగంలో మహిళలు ఎదుర్కొనే సవాళ్లు ఏమిటి?", "యువతకు మీరిచ్చే సందేశం ఏమిటి?" వంటివే ఎక్కువగా ఉన్నాయి. వీటికి జవాబులు లోకంలో ముందే తయారై ఉన్నాయి. అతిథి వాటిని టీవీలో విన్నాడు, పేపర్లో చదివాడు, కాబట్టి వాటినే మీకు తిరిగి అప్పజెప్తాడు. ఒక ఫలానా రోజు, ఒక ఫలానా చోటు, చేతిలో ఉన్న ఒక ఫలానా వస్తువు గురించి అడిగినప్పుడు మాత్రం అతను తన జ్ఞాపకంలోకి తొంగిచూడక తప్పదు. అక్కడ దొరికేది ఇంకొకరి దగ్గర దొరకదు.

నేను కడపలో ఉంటాను. రేడియోలో కొన్నేళ్లు తాత్కాలిక వ్యాఖ్యాతగా పనిచేసి, తర్వాత పదకొండేళ్లుగా సీమ జిల్లాల్లో తిరుగుతూ సొంతంగా సంభాషణలు రికార్డు చేస్తున్నాను. కడప ఆకాశవాణి 1963లో మొదలైంది గనుక మా ఇంట్లో మా నాయన తరం, నా తరం రెండూ దాన్ని వింటూనే పెరిగాయి. బహుశా అందుకేనేమో, మైకు ముందు గొంతు సవరించుకుని గ్రాంథికంలోకి జారడం నాకూ చాలాకాలం వదల్లేదు. ఆ జాడ్యం గురించి కింద చెప్తాను.

ముందు ధర్మవరం సంగతి. పట్టుచీరలు నేసే ఒక పెద్దాయన దగ్గరకు వెళ్లి, "చేనేత రంగం ఎదుర్కొంటున్న సమస్యలు చెప్పండి" అని అడిగాను. ఆయన తడుముకోకుండా పట్టు ధరలు, మరమగ్గాల పోటీ, కొన్ని రకాలను చేతిమగ్గాలకే కేటాయించిన 1985 చట్టం, అది అమలుకాకపోవడం, అన్నీ వరుసగా చెప్పారు. ప్రతి మాటా నిజమే. కాని ఇంటికొచ్చి వింటే అధికారికి ఇచ్చే వినతిపత్రాన్ని ఎవరో పైకి చదువుతున్నట్టు ఉంది. రెండోసారి వెళ్లినప్పుడు, మగ్గం గుంతలో ఆయన కాళ్లు పెట్టుకునే చోట గోడకు తడి చార ఒకటి జానెడు ఎత్తున కనిపించింది. అది ఏమిటని అడిగాను. వానకు గుంతలోకి నీళ్లొచ్చిన రాత్రి ఆనవాలు అది. "ఆ రాత్రి మొట్టమొదట ఏం కాపాడుకున్నారు?" అన్నాను. ఆయన ఇరవై నిమిషాలు మాట్లాడారు. మగ్గం మీదున్న చీర సగం నేసి ఉండటం, పడుగు కోస్తే మళ్లీ ఒక్కొక్క పోగూ అతకాల్సి రావడం, భార్య కండెల బుట్టను నెత్తిన పెట్టుకుని మంచమెక్కి నిలబడటం, తెల్లవారాక షావుకారుకు ఏం చెప్పాలో ఇద్దరూ కూడబలుక్కోవడం, అన్నీ వచ్చాయి. పట్టు ధర, షావుకారు అప్పు, ప్రభుత్వ సాయం అందకపోవడం కూడా అందులోనే, నేను అడగకుండానే, వాటి వాటి చోట్ల వచ్చాయి. మొదటిసారి అడిగినవన్నీ రెండోసారి అడగకుండానే దొరికాయన్నమాట.

అందువల్ల ఇరవై ప్రశ్నల పట్టిక పక్కన పెట్టండి. మూడు సంఘటనలు వెతుక్కుని వెళ్లండి, చాలు. వాటి మధ్య మిగిలిన ప్రశ్నలు అతిథి జవాబుల్లోంచే పుడతాయి. ఆ మూడింటిని ఎట్లా పట్టుకోవాలంటే, రికార్డింగుకు రెండు మూడు రోజుల ముందు ఫోనులో పది నిమిషాలు మాట్లాడండి. అంతకు మించి మాట్లాడవద్దు. కథ అంతా ఫోనులోనే చెప్పించుకుంటే, మైకు ముందు అతిథి "మొన్న చెప్పినాను కదప్పా" అని కుదించేస్తాడు. నాకు అట్లా రెండు మంచి కథలు పోయాయి. కథ మొదలవుతున్నట్టు అనిపించగానే "అది అక్కడే ఆపండన్నా, వచ్చినప్పుడు వింటాను" అని చెప్పి, కాగితం మీద ఒక్క ముక్క రాసుకోవడం నేర్చుకున్నాను. అతిథిని ఎరిగిన ఇంకొకరితో మాట్లాడటం అంతకన్నా మేలు. సహోద్యోగి, చెల్లెలు, పక్కింటివారు ఎవరైనా సరే, "ఆయన గురించి మీరు తరచుగా చెప్పుకునే మాట ఏది?" అని అడిగితే చాలు. చరిత్రకు సంబంధించిన అతిథి అయితే గ్రంథాలయంలో ఒక పూట కూర్చోవాల్సిందే. కడపవారికి ఎర్రముక్కపల్లెలో సి.పి.బ్రౌన్ గ్రంథాలయం ఉంది. అక్కడ చదివి వెళ్లిన రోజున నా ప్రశ్నలు పొట్టివయ్యాయి, అతిథి జవాబులు పొడవయ్యాయి. మనకు కొంత తెలుసని గ్రహించిన పండితుడు ఓనమాల నుంచి ఎత్తుకోడు.

ప్రశ్నలు ముందే పంపమని అడిగేవారు ఉంటారు. వైద్యులు, అధికారులు తప్పకుండా అడుగుతారు. ప్రశ్నలు పంపవద్దు, విషయాలు మాత్రం పంపండి. ప్రశ్నలు పంపితే జవాబులు రాసిపెట్టుకుని చదువుతారు. కాగితం గరగర మైకులో వినిపిస్తుంది కూడా.

ప్రశ్న నిర్మాణం గురించి ఒక్క మాట. అవును, కాదు అని ముగిసే ప్రశ్నలు వద్దని అందరూ చెప్తారు, అది సగం నిజమే. జొన్నగిరి, తుగ్గలి చేలల్లో తొలకరి పడగానే వజ్రాలు వెతకడానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారని మీకు తెలిసిందే. అక్కడ ఒకాయనను "ఎప్పుడైనా దొరికిందా?" అని అడిగితే "లేదు సార్" అన్నాడు, కథ కంచికి పోయింది. అట్లాగని "మీ వజ్రాన్వేషణ అనుభవాలను మా శ్రోతలతో పంచుకోండి" అన్నా లాభం లేదు. అది విశాలమైన ప్రశ్నే, కాని ఎక్కడ మొదలుపెట్టాలో అతనికి తెలియదు. "వంగి నడిచేటప్పుడు మీ కన్ను దేని కోసం చూస్తుంటుంది?" అన్నప్పుడు ఆయన లేచి నిలబడ్డాడు. ఎండ ఏ పక్క నుంచి పడాలి, తడి మట్టిలో గాజుపెంకు ఎట్లా మెరుస్తుంది, మామూలు రాయి ఎట్లా మోసం చేస్తుంది అని నడిచి చూపించాడు. ఇరుకు ప్రశ్నే, జవాబు మాత్రం చేనంత వచ్చింది.

మాటల మధ్య ఖాళీ గురించి నేను చేసిన తప్పు చెప్పాలి. ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల గనిలో పనిచేసిన ఒకాయన తన కుడిచేతి చూపుడువేలు పోయిన రోజు గురించి చెప్తున్నాడు. "బండ జారింది, అంతే" అని ఆగాడు. ఆ నిశ్శబ్దం నాకు భరించరానిదిగా తోచి, "ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్లారు?" అని అందుకున్నాను. ఆయన చెప్పాడు, సంభాషణ ముందుకు సాగింది. రాత్రి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కోత పని చేస్తుంటే, నా ప్రశ్నకు అరక్షణం ముందు ఆయన ఊపిరి లోపలికి తీసుకున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఏదో చెప్పబోయాడు. ఏం చెప్పబోయాడో నాకు ఇప్పటికీ తెలియదు. తర్వాత ఫోను చేసి అడిగితే "ఏం లేదులే సార్" అన్నాడు. అప్పటి నుంచి అతిథి ఆగినప్పుడల్లా మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టుకుంటాను. ఐదు లోపే తొంభై పాళ్లు తిరిగి మాట్లాడతారు, పైగా ఆ రెండో మాటే అసలు మాట అయివుంటుంది. లెక్క అయిపోయినా మాట్లాడకపోతే అప్పుడు అడగవచ్చు. అనవసరమైన ఖాళీని ఎడిటింగులో తగ్గించుకోవచ్చు గాని, నోరు దాటని మాటను ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చివ్వదు.

ఇక్కడ మన తెలుగువాళ్లకే ఉన్న చిక్కు ఒకటి ఉంది. పాడ్‌కాస్ట్ పాఠాలు చెప్పేవారు "అతిథి మాట్లాడుతుంటే మధ్యలో శబ్దం చేయకండి, తల ఊపండి" అంటారు. శబ్దపరంగా సరైన సలహాయే. నా మొదటి ఎపిసోడ్లు వింటే "ఊ", "ఆహా", "అవునవును" అన్నవి అతిథి మాటల మీద ఈగలు ముసిరినట్టు ఉంటాయి. కాబట్టి నోరు మూసుకుని తల ఊపడం మొదలుపెట్టాను. పులివెందుల వైపు ఒక అవ్వ దగ్గర కూర్చున్నప్పుడు ఆమె ఐదు నిమిషాలు మాట్లాడి, ఠక్కున ఆపి, "ఏం నాయనా, ఇంటాండావా?" అని అడిగింది. మన దగ్గర కథకు ఊకొట్టేవాడు ఉండాలి. ఊకొట్టడం ఆగిందంటే పిల్లవాడు నిద్రపోయాడని అర్థం, చెప్పేవారు కథ ఆపేస్తారు. ఆమెకు నా తల ఊపడం సరిగా కనిపించనే లేదు, పైగా మధ్యాహ్నం వెలుగు నా వెనుక నుంచి పడుతోంది. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు ఊకొట్టండి, మొహమాటపడకండి. అయితే ఇద్దరికీ వేర్వేరు కాలరు మైకులు పెట్టి, వేర్వేరు ట్రాకుల్లో రికార్డు చేయండి. మీ ఊకారాలను తర్వాత చాలావరకు తగ్గించవచ్చు. చదువుకున్నవారి దగ్గర, మైకు అలవాటున్నవారి దగ్గర మాత్రం తల ఊపితే సరిపోతుంది.

పైన చెప్పిన గ్రాంథిక జాడ్యానికి వస్తాను. అనంతపురం దగ్గర ఒక రైతన్న చేను గట్టు మీద "సేద్యం" అన్నాడు, "బుడ్డలు" అన్నాడు, "పోయినేడు వాన మోసం చేసింది" అన్నాడు. రికార్డింగు మొదలైందని చెప్పగానే "వ్యవసాయ రంగంలో వేరుశనగ దిగుబడి ఆశాజనకంగా లేదు" అన్నాడు. అతని తప్పు ఏమీ లేదు. నేను "నమస్కారం, ఈనాటి మన అతిథి..." అని రేడియో గొంతుతో మొదలుపెట్టాను, అతను నా భాషకు మర్యాద ఇచ్చాడు. అతిథి ఇంటి భాషలో మాట్లాడాలంటే ముందు మీరు మీ ఇంటి భాషలో అడగాలి. ఇప్పుడు నేను ప్రారంభ పరిచయాన్ని అతిథి ఎదుట చెప్పను, తర్వాత ఇంట్లో కూర్చుని విడిగా రికార్డు చేసి ముందు అతికిస్తాను. అతిథి దగ్గర మాత్రం "అన్నా, ఈ గొర్రు ఎన్నేండ్లది?" అనే మొదలుపెడతాను. ఇతర ప్రాంతాల శ్రోతలకు అర్థం కాని మాట వస్తే దాన్ని సరిదిద్దవద్దు, అనువదించవద్దు. "గొర్రు అంటే తెలియని పిల్లోనికి ఎట్లా చెప్తావు?" అని ఆయననే అడగండి. ఆ వర్ణన ఎపిసోడుకు లాభమే.

రికార్డింగు మొదలైన సంగతి దాచవద్దు. అయితే దాన్ని ప్రకటనలా చెప్పనక్కర్లేదు. నేను ఇంట్లోకి వెళ్లగానే రికార్డరు చూపించి, "ఇది ఇప్పటి నుంచి నేను వెళ్లేదాకా తిరుగుతూనే ఉంటుంది, వద్దనుకున్నది ఏదైనా ఉంటే చెప్పండి, తీసేస్తాను" అని అనుమతి తీసుకుంటాను. ఆ తర్వాత టీ తాగుతాం, మజ్జిగ తాగుతాం, పిల్లల గురించి మాట్లాడుకుంటాం. ప్రశ్నలు ఎక్కడ మొదలయ్యాయో అతిథి గమనించడు. మీ ముగ్గురు అతిథులూ టీ దగ్గర బాగా మాట్లాడారన్నారు కదా, ఆ టీ రికార్డరు ముందే తాగి ఉంటే సరిపోయేది. ఇంకొకటి, "అయిపోయింది" అన్న తర్వాత గుమ్మం దగ్గర చెప్పే మాట చాలాసార్లు ఆ రోజుకు శ్రేష్ఠమైన మాట. ముందు అనుమతి ఉన్నా, ఆ గుమ్మం మాటను వాడుకునే ముందు మళ్లీ ఒకసారి అడగడం నా పద్ధతి.

మైకు బాగా అలవాటున్న అతిథులది వేరే సమస్య. ధర్మవరం పక్కన నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు, ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. అట్లాంటి ఊళ్లలో కళాకారులు ఎంతోమంది విలేకరులకు ఒకే కథను ఎన్నోసార్లు చెప్పివుంటారు, వాక్యాలు అరిగి నునుపెక్కివుంటాయి. అటువంటప్పుడు చేతికి పని ఇవ్వండి. అక్కడ ఒక కళాకారుణ్ని తోలు మీద చిల్లులు పొడుస్తూనే మాట్లాడమన్నాను. ఉలి మీద సుత్తి పడే చప్పుడు, మధ్యమధ్య ఆగి తోలును వెలుతురుకు ఎత్తి చూడటం, "ఈడ తప్పుపడితే బొమ్మకు ఈ కన్ను పోతుంది" అనడం, ఇవేవీ అరిగిన కథలో లేవు. చేయి కదులుతుంటే నోరు పాత దారి వదిలేస్తుంది.

మీ హోటలు ఆవిడ విషయంలో మీరు ఒక వాక్యం రాసి వదిలేశారు, "ఆమె భర్త కూడా పక్కనే ఉన్నారు" అని. అసలు కారణం అదే కావచ్చు. మన ఇళ్లలో ఆడవాళ్లను ప్రశ్న అడిగితే పక్కనున్న మగవారు జవాబు చెప్పడం మామూలే. ఆయనను బయటికి పొమ్మనడం మర్యాద కాదు. నేను ముందు ఆయనతో పది నిమిషాలు విడిగా, అంతే శ్రద్ధగా రికార్డు చేస్తాను. ఆ తర్వాత "హోటలు బయట చప్పుడు కాకుండా కాస్త చూసుకుంటారా అన్నా" అని ఒక బాధ్యత అప్పగిస్తాను. ఆయన సంతోషంగా బయట కుర్చీ వేసుకుని కూర్చుంటారు. వెనక్కి వచ్చి చూస్తే లోపల ఆవిడ గొంతే మారిపోయి ఉంటుంది.

సీమ మనిషి కనబడగానే ఫ్యాక్షన్ గురించి అడగడం ఒక దురలవాటు. శ్రోతలు పెరుగుతారేమో గాని, ఆ మనిషి అదే ఊళ్లో రేపు కూడా బతకాలి. ఒకాయన మాటల వేడిలో ఇంటిపేర్లతో సహా చెప్పేస్తే, ఆయన కోరకపోయినా ఆ భాగం తీసేశాను. అప్పు, కులం, కేసులు, పిల్లల పెళ్లిళ్లు, వీటిలో ఏది వచ్చినా అతిథి అడగకముందే మీరే ఆలోచించండి. ఎపిసోడు మొత్తం ముందే వినిపించాలా అంటే, సామాన్యులకు నేను వినిపిస్తాను. పదవుల్లో ఉన్నవారికి వినిపించను, వారికి వాస్తవాలు మాత్రం సరిచూస్తాను.

సాంకేతిక విషయాలు క్లుప్తంగా చెప్తాను. ఖరీదైన మైకు కన్నా నోటికి మైకుకు మధ్య దూరం ముఖ్యం, జానెడు చాలు. గొంతు పెరిగినప్పుడు కూడా రికార్డరులో శబ్దం స్థాయిని చూపే మీటరు మైనస్ 12, మైనస్ 6 డెసిబెళ్ల మధ్య ఉండేట్టు చూసుకోండి, సున్నా తాకితే పగిలిన గొంతును బాగుచేయలేరు. తుది ఎపిసోడు స్టీరియోలో మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (మొత్తం మీద శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే లెక్క) దగ్గర ఉంటే ఫోనుల్లో సరిగా వినిపిస్తుంది. ఫోన్లు విమానం మోడ్‌లో పెట్టండి. రెండు వేర్వేరు పరికరాల్లో రికార్డు చేస్తుంటే మొదట ఒక్క చప్పట్లు కొట్టండి, తర్వాత రెండు ట్రాకులూ కలపడం తేలిక. ఎవరూ మాట్లాడకుండా ముప్పై సెకన్ల గది శబ్దం తీసుకోండి, ఎడిటింగులో కోసిన చోట్ల దాన్ని వేస్తే అతుకులు తెలియకుండా ఉంటాయి. మన అసలు శత్రువు ఫ్యాను. మే నెలలో కడపలోనో అనంతపురంలోనో ఫ్యాను ఆపి అతిథిని గంటసేపు కూర్చోబెడితే, చెమట తుడుచుకుంటూ ఎప్పుడు వదులుతావా అని చూస్తాడు, ఏ ప్రశ్నా పనిచేయదు. ఎండాకాలంలో నేను ఉదయం ఆరున్నరకు వెళ్తాను. రెండు మందపాటి బొంతలు గోడకు వేలాడదీస్తాను. పావుగంట రికార్డింగు, ఐదు నిమిషాలు ఫ్యాను, అట్లా సాగుతుంది. తప్పనిసరైతే ఫ్యాను చప్పుడునే భరిస్తాను. ఉక్కపోతలో ఉన్న మనిషి కథ చెప్పడు.

చివరగా, మీ ఎనిమిది ఎపిసోడ్లలో డ్రైవరు గారిది నాకు బాగా నచ్చింది, అందుకే అది చప్పగా రావడం బాధనిపించింది. పద్నాలుగో నిమిషంలో ఆయన "ఆ పొద్దు అడవిలో బండి నిలబడిపోతే అందరినీ దించకుండా కూర్చోబెట్టినాను" అన్నారు. మీరు వెంటనే "రోడ్డు భద్రతపై మీ సూచనలు?" అని అడిగారు. మళ్లీ వెళ్లండి. ఈసారి రెండే అడగండి: ఆ పొద్దు బస్సులో ముందు సీట్లో ఎవరు కూర్చున్నారు, ఇంజను ఆగాక మొదట వినిపించిన చప్పుడు ఏది.